కిరీటం పాట, కాలాపానీ పాట

1912 మార్చి 11వ తేదీ. లండను నడిబొడ్డున ఉన్న కొలీజియం నాటకశాల క్రిక్కిరిసి ఉన్నది. అది గంభీర సంగీత సభలకు పేరుపడిన చోటు కాదు. గారడీలు, సాముగరిడీలు, హాస్య ప్రదర్శనలు, నృత్యాలు ఒకదాని వెంట ఒకటిగా నడిచే వినోదశాల. ఆనాడు ఆ వరుసలోనే ఒక విచిత్రమైన అంశం చేరింది. తెర లేచేసరికి రంగస్థలం మీద భారతమాత కొలువుతీరి ఉన్నది. ఆమె చుట్టూ స్త్రీరూపాలు దాల్చిన భారతదేశపు నగరాలు. ఢిల్లీకీ కలకత్తాకూ వాగ్వాదం. రాజధాని నేనంటే నేనని ఇద్దరూ తమ తమ గొప్పలు ఏకరువు పెట్టుకొంటున్నారు. చివరకు చక్రవర్తి తీర్పు చెబుతాడు. ఢిల్లీకి రాజధాని పదవి, కలకత్తాకు వర్తకంలో అగ్రస్థానం. అందరికీ సంతోషం. వాద్యబృందం ఉవ్వెత్తున లేస్తుంది.

ఆ ప్రదర్శన పేరు ‘ది క్రౌన్ ఆఫ్ ఇండియా’. మాటలు హెన్రీ హామిల్టన్‌వి. సంగీతం సర్ ఎడ్వర్డ్ ఎల్గార్‌ది. ఇంగ్లండులో ఆనాడు ఆయనను మించిన స్వరకర్త లేడు. ఆయన కేవలం సంగీతం కూర్చి ఊరుకోలేదు. తొలి రెండు వారాలు రోజుకు రెండు ఆటల చొప్పున స్వయంగా నిలబడి వాద్యబృందాన్ని నడిపించాడు.

సందర్భం అందరికీ తెలిసినదే. 1911 డిసెంబరు 12న ఐదవ జార్జి చక్రవర్తి ఢిల్లీలో దర్బారు తీర్చి, రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించాడు. బెంగాల్ విభజన రద్దయినట్లు కూడా ఆనాడే చాటాడు. ఆ వార్త లండనుకు చేరిన మూడు మాసాలకే వినోదశాలలో నాటకమైపోయింది. విభజనను రద్దు చేయించిన ఉద్యమం సంగతి, స్వదేశీ సంగతి, బాంబుల సంగతి ఆ నాటకంలో మచ్చుకైనా లేవు. నగరాలు పోట్లాడుకొన్నాయి, చక్రవర్తి సర్దిచెప్పాడు. అంతే.

ఎల్గార్‌ను సామ్రాజ్యపు భట్రాజు అని కొట్టిపారేయడం తేలిక. అందులో కొంత నిజం లేకపోలేదు. 1901లో ఆయన వ్రాసిన ఒక కవాతు బాణీకి మరుసటి యేడు ఎ. సి. బెన్సన్ మాటలు కట్టగా, అది బ్రిటిష్ వారికి రెండవ జాతీయ గీతమంతటిదైపోయింది. కాని ఆయన పుట్టుక దర్బారు పుట్టుక కాదు. వూస్టర్ పట్టణంలో పియానోలకు శ్రుతి చేసి, సంగీత సామగ్రి అమ్ముకొనే దుకాణదారుని కొడుకు. ప్రొటెస్టెంటు దేశంలో కాథలిక్కు. సంగీత కళాశాల గడప తొక్కలేదు. నలభైయేళ్ళు దాటిన తరువాత గాని పేరు రాలేదు. వచ్చిన పేరు డబ్బు తేలేదు. 1900లో వ్రాసిన ‘ది డ్రీమ్ ఆఫ్ జెరాన్షియస్’ వంటి మహాకృతికి ప్రతిఫలంగా తాము యేడాది పొడవునా చలిమంట లేకుండా పస్తులుండవలసి వచ్చిందనీ, కొలీజియంలోని ఈ చిన్న పని మాత్రం తాను ఎంతో కాలంగా ఆశపడిన పుస్తకాలు కొనుక్కొనేటట్లు చేసిందనీ ఆయన ఒక స్నేహితురాలికి వ్రాశాడు. 1912 జనవరిలో లండనులో పెద్ద యిల్లు తీసుకొని కాపురం పెట్టిన మనిషికి ఆ సొమ్ము అవసరం కూడా.

భారతదేశంతో ఆయనకు మరొక బంధం ఉన్నది. భార్య ఆలిస్ పుట్టినది 1848లో, కచ్ రాజధాని భుజ్‌లో. ఆమె తండ్రి మేజర్ జనరల్ హెన్రీ రాబర్ట్స్ కంపెనీ సైన్యంలో అధికారి. 1858 మార్చి మాసాంతంలో తిరుగుబాటుదారుల నుండి రాజపుటానాలోని కోటా నగరాన్ని పట్టుకొన్నవాడు ఆయనే. సరిగ్గా ఆ నెల 10వ తేదీననే, దేశపు మరొక కొసన, తిరుగుబాటులో దొరికిపోయిన రెండు వందల మందితో ఒక ఓడ అండమాను దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌లో లంగరు వేసింది. కాలాపానీ చరిత్ర అక్కడ ప్రారంభమయింది. అల్లుడిని చూడకుండానే 1860లో రాబర్ట్స్ మరణించాడు. ఎల్గార్ భారతదేశాన్ని గురించి స్వరపరచడానికి కూర్చొన్నప్పుడు, ఆ యింటి గోడల మీద భారతదేశం మామగారి జ్ఞాపకంగానే ఉండి ఉంటుంది.

ఇక ఆ సంగీతంలో భారతదేశం ఎంత? మొగలు చక్రవర్తుల కవాతు అనే భాగంలో కంచు కొమ్ములు, భేరులు, పెద్ద గంట కలిసి ఏనుగుల ఊరేగింపును కళ్ళకు కట్టిస్తాయి. వినడానికి హుషారుగానే ఉంటుంది. అందులో రాగచ్ఛాయ వెదకడం మాత్రం ఇసుకలో తైలం పిండడమే. కొన్ని భాగాలు ఎల్గార్ తన పాత నోటుపుస్తకాలలో ఎప్పుడో వ్రాసుకొని వాడకుండా వదలినవి. సరకు పాతది, అట్ట మీద చీటీ భారతదేశానిది.

* * *

దర్బారు వార్త లండనుకన్న ముందే చేరవలసిన చోటు మరొకటి ఉన్నది. ఆ చోట దానికోసం ఎదురుచూచినంతగా మరెక్కడా ఎదురుచూచి ఉండరు.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, సముద్రం మీదికి తొంగిచూచే ఒక గుట్ట మీద సెల్యులార్ జైలు నిలిచి ఉన్నది. 1896లో మొదలుపెట్టి 1906కు ముగించారు. నడుమ బురుజు, దాని చుట్టూ చక్రపు ఆకులవలె ఏడు మూడంతస్తుల వరుసలు, మొత్తం దాదాపు 700 కొట్లు. ఒక్కొక్కటి పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. ఒక వరుస ముఖభాగం మరొక వరుస వీపును చూస్తుంది కనుక ఎదుటివాని ముఖం కనిపించే వీలు లేదు. మాట్లాడుకొంటే శిక్ష. గానుగకు మనిషిని కట్టి తిప్పించేవారు. రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలి. తీయలేనివానికి బేడీలు.

1909లో అలీపూరు బాంబు కేసు ఖైదీలు ఇక్కడికి వచ్చారు. అరవిందుని తమ్ముడు బారీంద్రకుమార్ ఘోష్, ఉపేంద్రనాథ్ బెనర్జీ, హేమచంద్ర దాస్, ఇందుభూషణ్ రాయ్, ఉల్లాస్కర్ దత్. 1911 జులైలో సావర్కరు వచ్చాడు. పట్టాభిషేకపు దర్బారు నాడు క్షమాభిక్ష దొరుకుతుందన్న ఆశ జైలంతా పాకిన సంగతి ఆ ఖైదీలు తరువాత వ్రాసుకొన్న జ్ఞాపకాలలో కనిపిస్తుంది. విభజన రద్దయిందంటే, దానికోసం పోరాడినవారికి తలుపులు తెరుచుకొంటాయని ఎవరికి మాత్రం అనిపించదు? తెరుచుకోలేదు. మామూలు నేరస్థులకు శిక్షలో కొంత తగ్గింపు వచ్చింది. బారీంద్రునికి గాని, ఉల్లాస్కరునికి గాని, సావర్కరుకు గాని విడుదల రాలేదు.

వీరిలో ఉల్లాస్కర్ దత్ కథ సంగీతపు ప్రస్తావనకు అతి దగ్గరగా వస్తుంది. శివపూరు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడైన ద్విజదాస్ దత్తుని కుమారుడు. సొంతంగా బాంబులు చేయడం నేర్చుకొన్న యువకుడు. అయితే తోటివారు ఆయనను జ్ఞాపకం చేసుకొన్నది ముఖ్యంగా ఆయన నవ్వుతో, అనుకరణ విద్యతో, పాటతో. 1909 మే నెలలో న్యాయమూర్తి ఉరిశిక్ష చదవగానే, ఆయన బోనులోనే గొంతెత్తి రవీంద్రుని పాట పాడాడు. ఈ దేశంలో పుట్టినందుకు జన్మ ధన్యమైందనే పాట. న్యాయస్థానం యావత్తూ నిశ్చేష్టమై విన్నది. తరువాత హైకోర్టు ఉరిని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చింది.

1912 వసంతంలో, కొలీజియంలో భారతమాత రోజుకు రెండు పర్యాయాలు చక్రవర్తికి జేజేలు పలికిన కొద్ది వారాలకే, ఏప్రిల్ నెలాఖరున, ఇందుభూషణ్ రాయ్ తన కొట్టులో గుడ్డపేలికలతో ఉరి వేసుకొన్నాడు. జూను మాసంలో ఉల్లాస్కరుడు ఇటుకల బట్టీ దగ్గరి పనికి ఇక పోనన్నాడు. చేతులకు బేడీలు వేసి గోడకు నిలబెట్టి వ్రేలాడదీశారు. ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. ఆ జ్వరంలోనే మతి చలించింది. జైలు నుండి పిచ్చాసుపత్రికి చేర్చారు. అక్కడ తనకు విద్యుత్తు బ్యాటరీ తగిలించారని, శరీరంలోని నరాలన్నీ చీలిపోయినట్లయిందని ఆయన తరువాతి కాలంలో వ్రాశాడు. 1913లో ఆయనను మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించారు. ఆ ఊళ్ళోనే, మన భాష అడుగడుగునా వినిపించే ఆ మద్రాసులోనే, ఆయన ఏండ్ల తరబడి ఉన్నాడు.

ఇవి రెండూ ఒకే యేటి సంగతులు. ఎల్గార్‌కు ఈ రెండవ సంగతి తెలుసునని గాని, తెలిసి ఉపేక్షించాడని గాని అనడానికి ఆధారం లేదు. ఆయనకు తెలియనవసరం లేకుండా చేయడమే అంత దూరపు దీవిని ఎంచుకోవడంలోని ఉద్దేశం.

* * *

న్యాయంగా చెప్పాలంటే, ఆ యేటి ఇంగ్లండులో భారతదేశాన్ని మరొక విధంగా వినడానికి ప్రయత్నించిన స్వరకర్త కూడా ఉన్నాడు. ఆయనకు పెద్ద యిల్లు లేదు, బిరుదులు లేవు. పేరు గుస్తావ్ హోల్స్ట్. వయస్సు ముప్పయియేడు. చేతి నరాల జబ్బు వల్ల పియానో వాయించే వృత్తి అబ్బక, ట్రాంబోను ఊది కొంతకాలం పొట్ట పోసుకొని, ఆపై లండనులోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలోను, పనిచేసుకొనేవారి కోసం నడిచే మార్లీ కళాశాలలోను సంగీతం చెప్పుకొంటూ బ్రతికినవాడు. వ్రాసుకోవడానికి ఆదివారాలు, సెలవు దినాలు మాత్రమే మిగిలేవి.

ఈయనకు ఋగ్వేదం మీద మనసు పోయింది. దొరికిన ఆంగ్లానువాదాలు పాడడానికి పనికిరానంత మొద్దుగా తోచాయి. మరొకరైతే వాటినే సరిపెట్టుకొని ఉండేవారు. హోల్స్ట్ సంస్కృతం నేర్చుకోవడానికి కూర్చొన్నాడు. మేబెల్ బోడ్ అనే విదుషి ఆయనకు గురువు. పండితుడేమీ కాలేదు, నిఘంటువు పక్కన పెట్టుకొని సూక్తాల అర్థం తానే విడదీసుకొని, తానే అనువదించుకొనే మేరకు వచ్చింది. అనువాదం ఎంత కష్టమో తెలిసినవారికి, ఒక పాటకోసం ఒక భాష నేర్చుకొన్న ఈ మొండితనం మీద గౌరవం కలగక మానదు. 1908, 1912ల నడుమ ఆయన ఋగ్వేద సూక్తాలకు నాలుగు సంపుటాల బృందగానాలు కూర్చాడు. వరుణుడు, అగ్ని, ఉషస్సు, జలాలు. ఏ దేవునికి హవిస్సు అర్పించాలని ప్రశ్నించే హిరణ్యగర్భ సూక్తం కూడా వాటిలో ఉన్నది. మూడవ సంపుటంలో స్త్రీల గొంతులకు తోడుగా హార్పు ఒక్కటే ఉంటుంది.

ఇందులో కూడా రాగం లేదు. సామగానం ఆయన విన్నదీ లేదు. భారతదేశంలో ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. కాని ఏనుగులు, గంటలు, భేరులు కూడా లేవు. సూక్తంలోని మాట నడకను బట్టి, అయిదేసి, ఏడేసి మాత్రల తాళాలు పెట్టుకొన్నాడు. ఖండగతి, మిశ్రగతి ఎరిగిన మన చెవికి అవి సహజంగానే తోస్తాయి. ఆనాటి ఇంగ్లీషు గాయకులకు మాత్రం ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది.

అంతకు ముందే, 1908–09లో, ఆయన ‘సావిత్రి’ అనే ఏకాంక సంగీత నాటకం వ్రాశాడు. సావిత్రి కథ తెలుగువారికి హరికథలలో, నాటకాలలో నలిగినదే. 1933లో సి. పుల్లయ్య తీసిన తొలినాటి తెలుగు టాకీలలో కూడా ఒకటి. మన రంగస్థలం మీద యముడంటే కిరీటం, మీసం, గద, హార్మోనియం పెద్ద శ్రుతి. హోల్స్ట్ నాటకంలో వాద్యాలేవీ మోగకుండానే తెర అవతలి చీకటిలో నుండి ఒక పురుష కంఠం వినిపిస్తుంది. అదే మృత్యువు. ఆ కంఠానికి సావిత్రి గొంతు వేరొక శ్రుతిలో జవాబిస్తుంది. కట్టెలు కొట్టుకొనే సత్యవంతుడు ఇంకా ఇల్లు చేరనే లేదు. మొత్తం ముగ్గురు పాత్రలు, పన్నెండు మంది వాద్యకారులు, మాటలు లేకుండా స్వరం మాత్రం పలికే స్త్రీల బృందం. సావిత్రి మృత్యువును చూచి ఏడవదు. అతిథిని ఆహ్వానించినట్లు ఆహ్వానిస్తుంది. నీకోసం ఏదైనా కోరుకొమ్మంటే జీవితం కోరుకొంటుంది. ఇచ్చిన తరువాత గాని ఆ మాటలోని మెలిక మృత్యువుకు తెలియదు; సత్యవంతుడు లేనిదే ఆమెకు జీవితమెక్కడిది? వ్యాసుని సావిత్రి అడిగిన వరాల పట్టికనంతా ఆయన ఒక్క మాటలోకి పిండాడు. అరగంట నాటకం అది. తొలి ప్రదర్శనకు 1916 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది.

మేఘసందేశాన్ని ఆధారం చేసుకొని ఆయన కూర్చిన పెద్ద కృతి 1913 మార్చిలో లండనులో వినిపించగా, శ్రోతలు చప్పగా స్వీకరించారు. హోల్స్ట్ క్రుంగిపోయాడు. మిత్రులు ఆయనను స్పెయిను వైపు విహారయాత్రకు తీసుకొనిపోయారు. దారిలో ఒక మిత్రుడు జ్యోతిషం చెప్పడం మొదలుపెట్టాడు. దాని ఫలితమే ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చిన ‘ది ప్లానెట్స్’. అందులోని అంగారకుని అయిదు మాత్రల నడక, చివరి గ్రహం వద్ద మాటలు లేకుండా దూరమైపోయే స్త్రీల గొంతులు, వీటిని ఋగ్వేద సూక్తాలలోను సావిత్రిలోను ఆయన ముందే సాధన చేసి ఉన్నాడు. ఆ గ్రహాలు వినే లక్షల మందికి వాటి వెనుక సంస్కృత పాఠాలున్నవని తెలియదు.

* * *

ఎల్గార్ విన్నది దర్బారు భారతం. హోల్స్ట్ విన్నది వేదకాలపు భారతం. ఆ రోజులలో బ్రతికి ఉండి పాడుకొంటున్న భారతం ఇద్దరికీ అందలేదు. అది అండమానులో జైలు గోడల లోపల మాత్రమే ఉన్నదనుకొంటే పొరపాటు. ఆ గోడల చుట్టూ ఉన్న అడవిలో మరొక సంగీతం ఉన్నది; దాని ఆయుస్సు అప్పటికే తీరవస్తున్నది.

1906 నుండి 1908 వరకు ఎ. ఆర్. బ్రౌన్ అనే యువ పరిశోధకుడు కేంబ్రిడ్జి నుండి వచ్చి గ్రేట్ అండమానీయుల మధ్య గడిపాడు. తరువాతి కాలంలో రాడ్‌క్లిఫ్–బ్రౌన్ అనే పేరుతో మానవశాస్త్రంలో ప్రసిద్ధుడైనది ఈయనే. 1922లో వెలువడిన ఆయన గ్రంథంలో ఒక సంగతి సంగీతం ఎరిగినవారిని ఆపి నిలబెడుతుంది. ఆ జాతిలో ప్రతి పురుషుడూ స్వరకర్తయే. పడవ నడుపుతూనో, విల్లు చెక్కుతూనో తనలో తాను కూనిరాగం తీస్తూ ఒక చిన్న పాట కట్టుకొంటాడు. మనసుకు నచ్చేదాకా దిద్దుకొంటాడు. ఆడవారికి నేర్పుతాడు. నృత్యం జరిగే రాత్రి దాన్ని నలుగురి ముందు పెడతాడు. బాగుంటే నిలుస్తుంది; లేకుంటే వదిలేస్తాడు. నృత్యవేళ ఒకరి పాట మరొకరు పాడరు. డాలు ఆకారంలో చెక్కిన గట్టి కొయ్య పలక కొసను నేలకు ఆనించి, పాడేవాడు కాలితో తాళం వేస్తాడు. చుట్టూ స్త్రీలు తొడల మీద చరుస్తూ పల్లవి అందుకొంటారు.

మాటా బాణీ రెండూ తానే కట్టేవానికి మన భాషలో వాగ్గేయకారుడని పేరు. తాళ్ళపాక వారిని, త్యాగరాజును తలచుకొని మనం ఆ మాట వాడతాము. ఇంటింటికి ఒక వాగ్గేయకారుడున్న సమాజం ఉండగలదని ఊహించడం కష్టం. అది ఉన్నది, బంగాళాఖాతంలో, విశాఖ తీరానికి ఎదురుగా.

అధికారులకు ఈ సంగీతం తెలియక కాదు. అండమానీయుల వ్యవహారాలు చూచిన ఎం. వి. పోర్ట్‌మన్ 1888లోనే రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దాని మీద వ్యాసం ప్రచురించాడు. కాని తెల్లవారి వలస తెచ్చిన పొంగు, సవాయి మొదలైన రోగాలు అప్పటికే దీవులను ఊడ్చివేస్తున్నాయి. వేలలో ఉండిన ఆ ప్రజలు 1901 జనాభా లెక్కలలో 625 మందిగా తేలారు. 1961కి పందొమ్మిది మంది.

అదే దశాబ్దంలో ఇంగ్లండులో జరిగినది దీని పక్కన పెట్టి చూడవలసినది. 1903 డిసెంబరు 4న హోల్స్ట్ ప్రాణమిత్రుడు రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఎసెక్సు జిల్లాలోని ఇన్‌గ్రేవ్ అనే పల్లెలో ఒక ముసలి కూలి నోట ఒక జానపద గీతం విని వ్రాసుకొన్నాడు. ముసలివారితోపాటు ఈ పాటలు పోతాయేమోనన్న ఆదుర్దా ఆయనను ఊరూరా త్రిప్పింది. 1906లో పెర్సీ గ్రెయింజర్ ఫొనోగ్రాఫు యంత్రం మోసుకొని లింకన్‌షైరు పల్లెలకు వెళ్ళాడు. ఇరవయ్యవ శతాబ్దపు ఇంగ్లీషు సంగీతం తన కంఠాన్ని తాను తెలుసుకొన్నది ఆ పాటల ద్వారానే. సొంత ఊరి పాట పోతున్నదన్న బాధ ఎంత నిజమైనదో, అదే ప్రభుత్వం క్రింద మరొక దీవిలో పాటగాళ్ళే పోతున్నారన్న సంగతి ఆ బాధకు అందకపోవడం అంత నిజం.

* * *

తరువాతి కథ ఎవరిది వారిది. ఉల్లాస్కర్ దత్ 1920 ప్రాంతంలో విడుదలయ్యాడు. 1924లో తన పన్నెండేండ్ల కారాగారవాసాన్ని పుస్తకంగా ప్రచురించాడు. యవ్వనంలో తాను మనసిచ్చిన లీలను 1948లో, అరవై దాటిన తరువాత, ఆమె వితంతువై రోగగ్రస్తురాలై ఉన్న స్థితిలో వివాహమాడాడు. ఆమె బిపిన్ చంద్రపాల్ కుమార్తె. 1907 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం వచ్చి వందేమాతర ఉద్యమానికి నిప్పు రాజేసిన పాల్. ఆయన ఉపన్యాసాలను చిలకమర్తివారు తెలుగు చేసి వినిపించిన పాల్. ఉల్లాస్కరుడు 1965లో సిల్చారులో కన్నుమూశాడు.

ఎల్గార్, హోల్స్ట్ ఇద్దరూ మూడు నెలల తేడాతో 1934లో మరణించారు. ప్రథమ ప్రపంచ యుద్ధం ఎల్గార్‌లోని ఊరేగింపులను అణచివేసింది. 1919లో ఆయన వ్రాసిన చెల్లో కచేరీ కృతిలో జేజేలు ఎక్కడా లేవు. ఆయనను కొట్టిపారేయదలచినవారు ముందు దాన్ని వినాలి. ‘ది క్రౌన్ ఆఫ్ ఇండియా’ వాద్యబృందపు ప్రతులు చాలవరకు 1970ల నాటికి నాశనమయ్యాయి. ఎల్గార్ విడిగా అచ్చువేసిన కొన్ని భాగాలు, పియానో ప్రతి మిగిలాయి. వాటి ఆధారంగా ఆంథొనీ పేన్ అనే స్వరకర్త తిరిగి పూరించగా 2009లో రికార్డు వచ్చింది.

దర్బారు జరిగిన నెలలోనే, 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెసు సభలో మరొక పాట మొదటిసారి వినిపించింది. దాని భారతం చక్రవర్తి వరుసలో లేదు. పంజాబు, సింధు, గుజరాతు అంటూ తన వరుస తానే కూర్చుకొన్నది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె బిసెంట్ కళాశాలలో బస చేసినప్పుడు ఆ పాటకు తానే ఆంగ్లానువాదం వ్రాశాడు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్, డబ్లిన్‌లో సంగీతం చదివిన ఐరిష్ మహిళ, ఆయన పాడగా బాణీని స్వరలిపిలోకి ఎక్కించింది. 1943 డిసెంబరు 30న సుభాస్ చంద్రబోసు పోర్ట్ బ్లెయిర్‌లో మువ్వన్నె జెండా ఎగురవేసినప్పుడు ఆయన ప్రభుత్వం జాతీయ గీతంగా ఎంచుకొన్నది కూడా ఈ బాణీలోని హిందుస్తానీ గీతమే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దాన్ని పాశ్చాత్య వాద్యబృందానికి అమర్చి ఇచ్చినది హెర్బర్ట్ మరిల్ అనే ఇంగ్లీషు స్వరకర్త, బి.బి.సి. సంగీత విభాగంలో పనిచేసినవాడు. ఒక ఇంగ్లీషువాడు భారతదేశానికి కట్టిన సంగీతంలో నేటికీ నిత్యం మోగుతున్నది అదొక్కటే కావచ్చు.

జైలు ఎదుట, కొద్దిపాటి నీటికి అవతల, బ్రిటిష్ అధికారులు కాపురమున్న రాస్ దీవి కనిపిస్తుంది. కమిషనరు భవనం, చర్చి, నృత్యశాల, అన్నీ ఉండిన చిన్న లండను. 1941 జూను 26 భూకంపం, ఆ మరుసటి యేటి జపాను ఆక్రమణ దాన్ని ఖాళీ చేయించాయి. 2018లో ఆ దీవికి నేతాజీ పేరు పెట్టారు. చర్చి గోడలను మర్రి ఊడలు పట్టి పెనవేసుకొని ఉన్నాయి.

2010 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్‌లో బోవా సీనియర్ అనే సుమారు ఎనభై అయిదేండ్ల వృద్ధురాలు చనిపోయింది. గ్రేట్ అండమానీ భాషలలో ‘బో’ భాషను మాట్లాడగలిగిన చివరి మనిషి ఆమె. చివరి సంవత్సరాలలో ఆ భాషలో మాట కలిపేవారు లేక ఆమె పక్షులతో మాట్లాడేదట. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను ముందే రికార్డు చేసి ఉంచింది. గ్రేట్ అండమానీయుల నుండి అబ్బి సేకరించిన పది కథలు, నలభై ఆరు పాటలు 2021లో పుస్తకంగా వెలువడ్డాయి.